గాలి బుడగ, బోరు పొడి

మదనపల్లెలో చేసిన స్మారక ఉపన్యాసం



మా సారు పేరు వినగానే నాకు ఆయన మొహం కంటే ముందు ఆయన చంకలోని నోటు పుస్తకం కళ్లముందు నిలుస్తుంది. గట్టి అట్ట వేసిన రెండు వందల పేజీల పుస్తకం. కాలేజీలో ఆయన మాకు భౌతికశాస్త్రం చెప్పేవారు. కానీ చుట్టుపక్కల ఏ ఊళ్లో బోరు బండి చప్పుడు వినబడినా సాయంత్రానికి సైకిలు మీద అక్కడుండేవారు. రైతును ఏమీ అడిగేవారు కాదు. ఓ పక్కన నిలబడి, రాడ్డు రాడ్డుకూ పైకి వచ్చే పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, రంగు, గరుకు, తడి రాసుకునేవారు. తేదీ, ఊరు, లోతు, పడిన నీళ్లు ఎన్ని ఇంచీలు. పడకపోతే ఆ గడిలో ‘దుమ్ము’ అని ఒక్క మాట.

ఈ ఉపన్యాసానికి ధ్రువాల దగ్గర మంచులో వేసే బోర్ల గురించి మాట్లాడతానని నేను ఒప్పుకున్నప్పుడు, మదనపల్లెకూ దానికీ ఏం సంబంధమని నిర్వాహకుల్లో ఒకరు మెల్లగా అడిగారు. నాకు ఆ సంబంధం సారే చూపించారు. అది ఎక్కడ, ఎప్పుడు జరిగిందో ముందు చెబుతాను.

2003 వేసవి. అంతకు ముందు ఏడు వానల్లేవు. పుంగనూరు పక్కన మా ఊళ్లో మా నాయన మూడో బోరు వేయిస్తున్నాడు. నేను సెలవు పెట్టి వచ్చాను. పగలంతా నీళ్ల జాడ కోసం టెంకాయ పట్టే ఆయన చేనంతా తిరిగి, అరచేతిలో టెంకాయ నిటారుగా లేచిన చోట గుర్తు పెట్టి పోయాడు. తిరుచెంగోడు బండి రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. ఇరవై అడుగులకు ఒక రాడ్డు. ఊదుకొచ్చిన పొడిని కూలీ ఒకడు పారతో ఎత్తి, రాడ్డుకొకటి చొప్పున వరసగా కుప్పలు పోస్తున్నాడు. మొదటి రెండు కుప్పలు ఎర్రమట్టి. తరవాత పసుపు కలిసిన మొరం. ఆ తరవాత నలుపూ తెలుపూ కలిసి, దంచిన మిరియాల లాంటి రాతిపొడి. గట్టు మీది కానుగ చెట్టు ఆకులన్నీ తెల్లబడ్డాయి. మూడు వందల నలభై అడుగుల దగ్గర పొడి ముద్దగా వచ్చింది. మా అమ్మ చేతులు జోడించింది. మరుసటి రాడ్డుకు మళ్లీ పొడే. అడుగుకు ఇంతని రేటు. ‘ఇంకొక్క రాడ్డు’ అని మా నాయన ఆరుసార్లు అన్నాడు. ఆరు వందల ఇరవై దగ్గర డ్రిల్లరే ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సారు అప్పటికి రిటైరై చాలా ఏళ్లయింది. పాల వ్యానెక్కి వచ్చారు. మా నాయన భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత టార్చిలైటు వెలుగులో ముప్పై ఒక్క కుప్పలూ ఒక్కొక్కటే చూసి రాసుకున్నారు. పోయేటప్పుడు నాతో అన్నారు: ‘పొద్దున లేస్తూనే ఇవన్నీ పారతో ఎత్తి గట్టు మీద పోసేస్తారు. అంటార్కిటికాలో కూడా బోర్లు వేస్తారబ్బాయ్. అక్కడ బయటికొచ్చిన దాంట్లో గోరంత ముక్క కూడా పారెయ్యరు. పది దేశాలవాళ్లు కూర్చుని పంచుకుంటారు.’

ఆ రాత్రి నుంచి నేను ఆ బోర్ల వెంట పడ్డాను.

మంచు బోరు పని మన బోరు పనికి తమ్ముడి వరస. అంటార్కిటికా నడిబొడ్డున కురిసిన మంచు కరగదు. ఏటికేడు ఒక పొర మీద ఇంకో పొర. పైబరువుకు కింది పొర అణిగి అణిగి, సుమారు 60 నుంచి 100 మీటర్ల లోతున గట్టి గడ్డ అవుతుంది. అణిగేటప్పుడు పొరల సందుల్లోని గాలి బయటికి పోయే దారి లేక చిన్నచిన్న బుడగలుగా మూసుకుపోతుంది. అలా మూసుకుపోయిన నాటి గాలి ఆ మంచులోనే బందీ. దాన్ని పైకి తియ్యాలంటే మన బండి లాగా రాయిని పిండి కొట్టి ఊదేస్తే కుదరదు. ఉక్కు తాడుకు వేలాడే గొట్టం లాంటి డ్రిల్లు, దాని మూతికి కత్తులు. చుట్టూ కోసుకుంటూ మధ్యలో నిలువు కడ్డీని మిగిల్చి, రెండు మూడు మీటర్ల ముక్క తెగగానే పైకి లాగుతారు. మళ్లీ దించుతారు. లోతు పెరిగేకొద్దీ ఒక్క ముక్క కోసం దిగి రావడానికే గంటలు పడతాయి.

ఇంకో చిక్కుంది. మంచు మనకు రాయిలా కనిపించినా మెల్లగా కదులుతుంది. బోరు ఖాళీగా వదిలేస్తే చుట్టూ ఉన్న బరువుకు మూసుకుపోతుంది. అందుకని మంచుకు సరిపడా బరువున్న, ఎంత చలికీ గడ్డకట్టని ద్రవంతో దాన్ని నింపి ఉంచుతారు. పాతకాలంలో కిరసనాయిలు పోసేవారు. 2008లో గ్రీన్‌లాండ్‌లో ‘నీమ్’ అనే శిబిరం పెట్టి పద్నాలుగు దేశాలవాళ్లు రెండున్నర కిలోమీటర్ల బోరు వేసినప్పుడు, ఆ ద్రవంలో ముఖ్యమైన భాగం కొబ్బరి నూనె నుంచి తీసింది. ఈ సంగతి చదివిన రోజు నాకు మా చేలో అరచేతి మీద లేచి నిలబడ్డ టెంకాయ గుర్తొచ్చింది. సారు ఉంటే ఎంత సంతోషించేవారో.

ఈ విద్యకు మూలపురుషుడు విల్లీ డాన్స్‌గార్డ్. డెన్మార్క్ దేశస్థుడు. 1952 జూన్‌లో కోపెన్‌హాగెన్‌లో ముసురు పట్టింది. ఆయన ఇంటి ముందరి గడ్డిలో ఖాళీ బీరు సీసా పెట్టి, దాని మూతిలో గరాటు గుచ్చి వాన పట్టాడు. కాసేపటికొక సీసా మార్చి, నీళ్లను ప్రయోగశాలకు తీసుకెళ్లి అందులోని బరువైన ఆక్సిజన్ పాలెంతో కొలిచాడు. మేఘం చల్లబడేకొద్దీ ఆ పాలు తగ్గుతోందని తేలింది. అంటే వాన చుక్క తాను పుట్టిన చోటి చలిని తనలోనే రాసుకుని పడుతుందన్నమాట. గ్రీన్‌లాండ్ మంచు వేల ఏళ్ల కిందటి వానే కదా, దాన్ని తవ్వి కొలిస్తే వేల ఏళ్ల వాతావరణం తెలియదా అని 1954లోనే రాశాడు. కానీ ఆయన దగ్గర తవ్వే బండి లేదు. బండి అమెరికా సైన్యం దగ్గర ఉంది. గ్రీన్‌లాండ్ మంచు కింద సొరంగాలు తవ్వి ‘క్యాంప్ సెంచరీ’ అనే స్థావరం కట్టుకుని, వాళ్లు 1966లో 1,387 మీటర్ల అడుగున నేలను తాకారు. అంతకు ముందు ఆ స్థావరానికి వెళ్లి వచ్చిన డాన్స్‌గార్డ్, ఆ మంచు కొలిచి పెడతానని అడిగాడు. వాళ్లు ఒప్పుకున్నారు. 1969లో లక్ష ఏళ్ల వాతావరణ చరిత్ర అచ్చయింది. తవ్వింది ఒకరు, చదివింది మరొకరు. ఈ రంగంలో దేశాల మధ్య సహకారం పెద్ద పెద్ద ఒప్పందాలతో కాదు, ఇలా అడిగి తీసుకోవడంతో మొదలైంది.

డెన్మార్క్ మాట మదనపల్లెకు కొత్త కాదు. మన ఊళ్లో ఏ సభ జరిగినా 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికి రావడాన్ని తలుచుకోవడం ఆనవాయితీ. తలుచుకోవలసిందే. కానీ ఆరోగ్యవరాన్ని మనం తలుచుకోవలసినంత తలుచుకోవడం లేదనిపిస్తుంది. పలు దేశాల మిషన్లు ఒక్కటై డబ్బు కూడేసి క్షయ రోగుల కోసం కట్టిన ఆసుపత్రి అది. 1915 నుంచి అక్కడ పెద్ద డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. ఆయనా డెన్మార్క్ దేశస్థుడే. ఆయన కొడుకు జోహన్నెస్ కూడా అక్కడే డాక్టరయ్యాడు. 1948 ఆగస్టులో మన దేశంలో బీసీజీ టీకాలు మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. తరవాతి ఏళ్లలో ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి క్షయను లెక్కగట్టిన పరిశోధన మదనపల్లె పేరుతోనే ప్రపంచ వైద్యశాస్త్రానికి ఎక్కింది. మన తాతలు, అవ్వలు వరసలో నిలబడి చెయ్యి చాపి, ఊపిరి బిగబట్టి ఎక్స్‌రే తీయించుకున్న లెక్కలు అవి.

సారు యౌవనంలో ఆరు నెలలు ఆరోగ్యవరంలో ఉన్నారు. అక్కడే శాస్త్రం మీద తనకు నమ్మకం కుదిరిందని చెప్పేవారు. మంచం పక్కన తగిలించిన కాగితం మీద రోజూ జ్వరం ఎంతో, బరువు ఎంతో నర్సు రాసిపోయేదట. ‘నా ఊపిరి నాదే కానీ, దాని లెక్క అందరిదీ’ అనేవారు. ఆయన నోటు పుస్తకానికి అదే మూలమని నా నమ్మకం.

ఊపిరి అన్నాను కాబట్టి క్లోద్ లోరియస్ గురించి చెప్పాలి. ఫ్రెంచివాడు. 1965లో అంటార్కిటికాలో ఒక సాయంత్రం బోరు నుంచి తీసిన మంచు ముక్కలు విస్కీ గ్లాసులో వేసుకున్నాడు. అవి కరుగుతుంటే చిటపటమని బుడగలు పేలుతున్నాయి. ఇది ఏనాటి గాలో కదా అన్న ఆలోచన ఆయనకు అక్కడ తట్టింది. ఆ ఆలోచన ఆయన్ను చివరికి వోస్టోక్ చేర్చింది.

వోస్టోక్ అంటార్కిటికాలో అప్పటి సోవియట్ యూనియన్ స్థావరం. 1983 జూలై 21న అక్కడ సున్నాకు దిగువన 89.2 డిగ్రీల చలి నమోదైంది. అంత చలిలో సోవియట్ డ్రిల్లర్లు ఏళ్ల తరబడి బోరు దించుతున్నారు. ప్రచ్ఛన్నయుద్ధం ముదిరిన రోజులవి. 1984లో లోరియస్ అక్కడికి వెళ్లాడు. మంచు సోవియట్‌వాళ్లది. దాన్ని మోసింది అమెరికా విమానం. కొలిచింది ఫ్రాన్సు ప్రయోగశాలలు. పైన క్షిపణులు గురిపెట్టుకున్న దేశాలు కింద ఒకే మంచు కడ్డీని ముగ్గురన్నదమ్ముల్లా మోసుకున్నాయి. 1987లో ఫలితం వచ్చింది. లక్షా అరవై వేల ఏళ్ల పొడవునా, భూమి చల్లబడ్డప్పుడల్లా గాలిలో బొగ్గుపులుసు వాయువు తగ్గింది, వేడెక్కినప్పుడల్లా పెరిగింది. వాతావరణ మార్పు మీద ఈనాడు ప్రపంచం మాట్లాడుతున్న మాటల్లో చాలావాటికి పునాది ఆ మూడు దేశాల పొత్తు.

బోర్ల ప్రాంతంలో పుట్టినవాణ్ణి కాబట్టి వోస్టోక్ కథలో నన్ను నిలబెట్టేసిన ఘట్టం వేరే ఉంది. 1998లో ఆ బోరు 3,623 మీటర్లు దిగింది. మన లెక్కలో పన్నెండు వేల అడుగులకు కాస్త తక్కువ. దాని కింద మంచు అడుగున పెద్ద సరస్సు ఉందని అప్పటికే తెలుసు. ఇంకో వంద మీటర్ల పైచిలుకు దిగితే నీళ్లు. అక్కడ ఆపేశారు. బోరు నిండా కిరసనాయిలు ఉంది. అది సరస్సులోకి దిగితే లక్షల ఏళ్లుగా ఎవరూ తాకని నీళ్లు చెడిపోతాయి. అన్ని దేశాల శాస్త్రవేత్తలూ కలిసి చర్చించారు, రష్యావాళ్లు పద్ధతి మార్చుకున్నారు, చివరికి 2012 ఫిబ్రవరిలో సరస్సును తాకారు. నీళ్లు అడుగునే ఉన్నాయని తెలిసి ఆపిన బోరు. ‘ఇంకొక్క రాడ్డు’ అన్న మా నాయనను నేను తప్పు పట్టను. ఆయన వెనక అప్పు ఉంది, ముందు ఎండిన చెట్లున్నాయి. కానీ ఆగడమనేది మనిషికి చేతనవునని వోస్టోక్‌లో చూశాను.

ఇక పంపకం గురించి. బోరు గుంట పక్కనే మంచులో పొడవాటి సొరంగం తవ్వి అందులో కోత బల్లలు వేస్తారు. పైకి వచ్చిన కడ్డీకి ముందు లోతు రాస్తారు. కొంత లోతులో, ఉజ్జాయింపుగా 600 నుంచి 1,200 మీటర్ల మధ్య, మంచు పెళుసుగా వస్తుంది. లోపల బిగుసుకున్న గాలి బుడగలు పైన ఒత్తిడి తగ్గగానే విప్పుకోవాలని చూస్తాయి. ముట్టుకుంటే పగులుతుంది. దాన్ని కోయకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా అలాగే పడుకోబెడతారు. తరవాత రంపంతో నిలువునా చీలుస్తారు. ఒక చీలిక గాలి కొలిచేవాళ్లకు. ఒకటి ఆక్సిజన్ చూసేవాళ్లకు. ఒకటి దుమ్మూ ధూళీ, అగ్నిపర్వతాల గంధకం వెతికేవాళ్లకు. ఎవరెంత అడిగినా ఒక చీలిక మాత్రం ఎవరికీ ఇవ్వరు. రేపు పుట్టబోయే శాస్త్రానికని దాచి ఉంచుతారు. 1966లో తీసిన క్యాంప్ సెంచరీ అడుగు మట్టిని మొన్న మొన్న మళ్లీ తెరిచి చూస్తే అందులో మొక్కల ఆనవాళ్లు దొరికాయి. ఒకప్పుడు అక్కడ మంచే లేదని తేలింది. తవ్వినవాళ్ల కాలంలో ఆ ప్రశ్న అడిగే సాధనాలు లేవు. ముక్క మాత్రం ఉంది.

పక్కపక్కన రెండు బోర్లు వేస్తే మన దగ్గర ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మా రెండో బోరు ఎండింది పక్క చేను మామ బోరు దిగిన నెలకు. ఆ తరవాత పదేళ్లు మా రెండిళ్ల మధ్య మాటల్లేవు. మంచులో కథ వేరు. గ్రీన్‌లాండ్ నడినెత్తిన ఐరోపావాళ్లు ‘గ్రిప్’ పేరుతో ఒక బోరు, అక్కడికి ముప్పై కిలోమీటర్లు కూడా లేని చోట అమెరికావాళ్లు ‘జిస్ప్-2’ పేరుతో ఇంకొకటి వేశారు. ఒకటి 1992లో అడుగుకు చేరింది, రెండోది 1993లో. రెండూ మూడు కిలోమీటర్లు దాటినవే. రెండింటి లెక్కలూ పక్కపక్కన పెడితే పైన సుమారు 2,700 మీటర్ల దాకా అచ్చు ఒకటే. ఒక దాంట్లో చలి పడిన చోటే రెండో దాంట్లోనూ చలి. కొన్ని పదుల ఏళ్లలోనే గ్రీన్‌లాండ్ ఎన్నో డిగ్రీలు వేడెక్కిన ఘట్టాలు రెండింట్లోనూ ఉన్నాయి కాబట్టే ప్రపంచం నమ్మింది. అంతకంటే లోతున మాత్రం రెండూ పొసగలేదు. అడుగున మంచు మడతలు పడి కలగలిసిపోయిందని ఆ తేడాయే చెప్పింది. ఒక్క బోరే ఉంటే ఆ మడతల మంచునే నిజమైన చరిత్ర అనుకునేవాళ్లు. అక్కడ పక్క బోరు సాక్షి. ఒకరి తప్పును ఇంకొకరి బోరు దిద్దింది. అచ్చు కాగితాల్లో చదివిన ఈ సంగతి నన్ను కదిలించినంతగా ఇంకేదీ కదిలించలేదు.

తరవాతి కథ వేగంగా చెబుతాను. పది ఐరోపా దేశాలు కలిసి ‘డోమ్ సి’ దగ్గర 2004లో ముగించిన ‘ఎపికా’ బోరు ఎనిమిది లక్షల ఏళ్ల గాలిని ఇచ్చింది. ఆ ఎనిమిది లక్షల ఏళ్లలోనూ బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లకు సుమారు 180కీ 300కీ మధ్యే ఊగింది. ఇప్పుడు 420 దాటింది. 2025 జనవరిలో అక్కడికి దగ్గరలోనే ఇటలీ నాయకత్వంలో ‘బియాండ్ ఎపికా’ బృందం 2,800 మీటర్ల దగ్గర నేలరాయిని తాకింది. 12 లక్షల ఏళ్లు, అంతకంటే పాత మంచు చేతికొచ్చింది. బాగా లోతున ఒక్క మీటరు ముక్కలో పదమూడు వేల ఏళ్ల దాకా ఇమిడి ఉన్నాయట. మన ఊరి చెరువులూ, మన రాజులూ, మన భాషా, అన్నీ కలిపినా ఆ ముక్కలో పై జానెడు దాటవు.

ఇందులో మన దేశం పాత్ర ఏమిటి? 1981 డిసెంబరులో సముద్ర శాస్త్రవేత్త ఖాసిం నాయకత్వంలో ఇరవై ఒక్క మంది గోవా నుంచి బయలుదేరి, 1982 జనవరి 9న అంటార్కిటికాలో దిగారు. ఎక్కిన ఓడ ‘పోలార్ సర్కిల్’ నార్వే నుంచి అద్దెకు తెచ్చుకున్నది. 1983–84లో మూడో యాత్రకు హర్ష్ గుప్తా నాయకుడు. మన మొదటి స్థావరం ‘దక్షిణ గంగోత్రి’ అప్పుడే కట్టారు. ఆ తరవాత ఆయన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చాలాకాలం డైరెక్టరుగా ఉన్నారు. అంటార్కిటికాలోని మన మరో స్థావరం ‘మైత్రి’లో భూకంపాలను నమోదు చేసే కేంద్రాన్ని నడిపేదీ ఆ హైదరాబాద్ సంస్థే. గోవాలోని జాతీయ ధ్రువ సముద్ర పరిశోధన కేంద్రంలో మంచు కడ్డీలు దాచే చలిగదులున్నాయి. 2016 నుంచి ఆ కేంద్రం, నార్వే ధ్రువ సంస్థ కలిసి అంటార్కిటికా తీరపు మంచుదిబ్బల మీద బోర్లు వేశాయి. అయితే మనవన్నీ వందల ఏళ్ల చరిత్ర చెప్పే తక్కువ లోతు బోర్లు. లక్షల ఏళ్ల లోతు బోరులో మనం ఇంకా పాలుపంచుకోలేదు. పంచుకోవాలని నా కోరిక. ఎందుకంటే ఆ మంచులో మన వాన ఉంది.

ఇది కవిత్వానికి అంటున్న మాట కాదు. అరేబియా సముద్రం అడుగు బురదలో మన నైరుతి రుతుపవనాల చరిత్ర పొరలు పొరలుగా ఉంది. 1998లో జర్మన్ శాస్త్రవేత్తలు ఆ బురదనూ గ్రీన్‌లాండ్ మంచునూ పక్కన పెట్టి చూశారు. లక్షా పదివేల ఏళ్ల పొడవునా, గ్రీన్‌లాండ్ వేడెక్కిన ప్రతిసారీ మన రుతుపవనం బలపడింది, అక్కడ చలి బిగిసినప్పుడల్లా ఇక్కడ వాన నీరసించింది. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలితే దాని గంధకం గ్రీన్‌లాండ్‌లోనూ, అంటార్కిటికాలోనూ ఒకే ఏటి పొరల్లో దొరికింది. పుంగనూరు మడిలో నాట్లు పడతాయా లేదా అన్నది హార్స్‌లీ కొండల మీది మబ్బు ఒక్కటే నిర్ణయించదు.

ఇప్పుడు మళ్లీ మా చేలోకి వస్తాను.

ఇందాక చెప్పిన హైదరాబాద్ భూభౌతిక సంస్థలో 1999 నుంచి మన శాస్త్రవేత్తలూ ఫ్రాన్సు భూగర్భ సంస్థవారూ కలిసి, మనలాంటి బండరాతి నేలల్లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో పరిశోధించారు. హైదరాబాద్ దగ్గరి మహేశ్వరంలో బోర్లు వేసి ఏళ్ల తరబడి కొలిచారు. తేలిందేమిటంటే, పైన రాయి కుళ్లి మొరమైన పొర, దాని కింద పగుళ్లు బారిన పొర, నీళ్లు ఈ రెండింటిలోనే. ఇంకా కిందికి పోతే గట్టి రాయి. అక్కడ పగులు తగలడం అరుదు, తగిలినా నీళ్లు నిలవడం అరుదు. మా నాయన బోరుకు మూడు వందల నలభై దగ్గర తగిలిన ఆ తడి ఆఖరి పగులు కావచ్చు. ఆ తరవాత పద్నాలుగు రాడ్లు వట్టి రాతిలోకే దిగాయి. ఈ సంగతి తెలిసిన కాగితాలు ఉన్నాయి. అవి మా గట్టు మీదికి రాలేదు.

కొన్నిచోట్లకు వచ్చాయి. నెదర్లాండ్స్ సాయంతో నడిచిన ఏపీవెల్ అనే బోరు నీటి పథకం తరవాత, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేయూతతో అప్పటి మన చిత్తూరుతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలం లెక్క కట్టిన పథకం ఒకటి నడిచింది. రైతులు, ముఖ్యంగా చాలా ఊళ్లలో ఆడవాళ్లు, పదిహేను రోజులకోసారి బోర్లలోకి తాడు దించి నీటిమట్టం కొలిచారు. వానమానిలో వాన కొలిచారు. ఊరి గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వరి ఎంత, చెనిక్కాయ ఎంత అని మాట్లాడుకున్నారు. ఎవరి బోరులో ఎంతుందో గోడ మీద అందరికీ కనబడింది. కోపెన్‌హాగెన్ చలిగదిలో మంచు చీలికల మీద లోతు రాసేవాళ్లు చేస్తున్న పనికీ ఆ ఆడవాళ్లు చేసిన పనికీ నాకు తేడా కనబడదు. పథకం ముగిశాక చాలాచోట్ల ఆ గోడలకు సున్నం పడింది. నాకు అది బాధ.

ఇప్పుడు హంద్రీ–నీవా కాలవలో కృష్ణా నీళ్లు కుప్పం దాకా వచ్చాయి. చెరువులు నిండుతుంటే చూసి కళ్లు చెమర్చని రాయలసీమవాడు ఉండడు. ఆ నీళ్లు ఏ బోరును ఎంత పైకి తెచ్చాయో ఊరూరా కొలిచి రాసుకోవలసిన సమయం ఇదే. చెరువు నిండకముందు మట్టం ఎంతో ఈ ఏడు రాయకపోతే, తరవాత ఎంత డబ్బు పోసినా ఆ అంకె దొరకదు.

సారు పోయాక వారి అబ్బాయి ఆయన నోటు పుస్తకాలు నాకిచ్చారు. మొత్తం తొమ్మిది. ఈ బల్ల మీద ఉన్నవి అవే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఊళ్లు. లోతు, పొడి రంగు, నీళ్లు. ఎనిమిదో పుస్తకంలో మా చేను ఉంది. ముప్పై ఒక్క గడులు, పదిహేడో గడిలో ‘తడి’, ఆఖర్న ‘దుమ్ము’. ఆ మాట పక్కన పెన్సిలుతో చిన్న గీత, మా అమ్మ ఆ రాత్రి ఆయనకిచ్చిన మజ్జిగ గ్లాసు మరక. తొమ్మిదోదాంట్లో నలభై పేజీలు ఖాళీగా ఉన్నాయి. ముందు వరుసలో కూర్చున్న పిల్లలు పెన్నులు తెచ్చుకున్నారు. సభ అయ్యాక వెళ్లేముందు మీ బోరు ఏ ఏడు వేశారో, ఎన్ని అడుగులో, ఎక్కడ తడి తగిలిందో వాళ్లకు చెప్పి వెళ్లండి. ఎండినవి కూడా చెప్పండి.